కిరాణా చీటీలో కనిపించే తిండి లెక్క

అన్నం మానేయాలా, కొర్రలు తినాలా, ఏ నూనె మంచిది, చక్కెర బదులు బెల్లం వేసుకుంటే షుగర్ రాదా అన్న ప్రశ్నలు ఈ మధ్య వరంగల్‌లో ఏ పెళ్లి విందులో కూర్చున్నా, ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా వినిపిస్తున్నాయి. అడిగేవాళ్ల ఆందోళన నిజమైనదే. అయితే ఈ ప్రశ్నలన్నీ ఒక్కో పదార్థాన్ని విడిగా పట్టుకుని, అది మంచిదా చెడ్డదా అని తేల్చుకోవాలని చూస్తాయి. ఒంటికి తెలిసేది మాత్రం రోజు మొత్తం మీద, నెల మొత్తం మీద ఏది ఎంత పడిందన్న పాళ్ల లెక్క. ఆ లెక్క చూసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. నెల మొదటి వారంలో కిరాణా దుకాణానికి పంపే సామాన్ల చీటీని, దానితోపాటు కూరగాయల సంచినీ, పాల ఖాతానూ ముందు పెట్టుకుంటే ఇంటి తిండి తీరు దాదాపుగా బయటపడుతుంది.

ముందుగా కొలబద్ద ఏమిటో చూద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం సవరించిన ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి సరిలేని ఆహారమే కారణమన్న అంచనాను ఆ పత్రం మన ముందుంచింది. అందులో 17 సూత్రాలున్నాయి. వాటన్నిటికీ వెన్నెముక లాంటిది ఒక రోజు పళ్లెం లెక్క. రోజుకు 2,000 కిలో కేలరీలు సరిపోయే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ దుంపలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. ధాన్యాలు, పప్పుల బరువులు వండకముందువి. మాంసం, చేపలు, గుడ్లు తినేవాళ్లు పప్పుల వాటాలో కొంత వాటికి మార్చుకోవచ్చు.

గ్రాముల్లో చెబితే ఈ లెక్క మనకు అంటదు. అందుకే దీన్ని నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి, నెలకు మార్చి చూడాలి. అప్పుడు బియ్యమూ పిండీ రవ్వా అన్నీ కలిపి 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, పల్లీలు నువ్వులు 4 కిలోలు, నూనె నెయ్యి మూడుంపావు కిలోలు అవుతాయి. వారానికి 11 కిలోల కూరగాయలు, మూడు కిలోలకు కాస్త తక్కువగా పండ్లు, రోజుకు లీటరుంపావు పాలు కావాలి. ఇప్పుడు మా వీధిలో నేను చూసిన ఒక మామూలు చీటీని దీని పక్కన పెడతాను. కందిపప్పు రెండు కిలోలు, మినపపప్పు కిలో, పెసరపప్పు అరకిలో, శనగపప్పు అరకిలో, పల్లీలు కిలో, చక్కెర నాలుగు కిలోలు, నూనె ఐదు లీటర్ల డబ్బా ఒకటి, దానికి తోడు మధ్యలో తెచ్చుకునే ప్యాకెట్లు. అది కూడా నలుగురి ఇల్లే. పది కిలోలుండాల్సిన పప్పు నాలుగు కిలోల దగ్గర ఆగిపోయింది. నాలుగు కిలోలుండాల్సిన గింజలు ఒక కిలోకు పడిపోయాయి. నూనె, చక్కెర హద్దు దాటాయి. ఆ చీటీలో బియ్యం లేవు, ఎందుకంటే అవి రేషన్ నుంచీ, ఊళ్లో పొలం నుంచీ బస్తాలుగా వస్తాయి. అందుకే బియ్యం ఎన్ని తింటున్నామో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు.

అది తెలుసుకోవడానికి నేను చేసిన పని చాలా చిన్నది. మా బియ్యం డబ్బాలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. ఎసరు పెట్టే ముందు ఇంట్లో అందరూ ఆ గ్లాసుతోనే కొలుస్తారు. ఒక రోజు ఆ గ్లాసు నిండా బియ్యం తలకొట్టి సంచిలో పోసుకుని కిరాణా దుకాణానికి తీసుకెళ్లి తూకం వేయించాను. 180 గ్రాములు తూగాయి. నలుగురమున్న మా ఇంట్లో మధ్యాహ్నానికి ఐదు గ్లాసులు, రాత్రికి నాలుగు గ్లాసులు పోస్తారు. తొమ్మిది గ్లాసులంటే 1,620 గ్రాములు, అంటే మనిషికి నాలుగు వందల గ్రాముల పైమాట. పొద్దున తిన్న ఇడ్లీ, ఉప్మా ఇందులో కలపలేదు. మేం అతిగా తినే ఇల్లు అని నేనెన్నడూ అనుకోలేదు. పళ్లెంలో పెట్టుకున్నప్పుడు అది ఎక్కువగా కనిపించదు కూడా, ఎందుకంటే మన చుట్టుపక్కల అందరి పళ్లేలూ అలాగే ఉంటాయి.

ఆ నాలుగు వందల గ్రాముల బియ్యం ఒంటికి ఏమిస్తుందో లెక్క వేద్దాం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలో కేలరీలుంటాయి. కాబట్టి 400 గ్రాములకు 1,400 అవుతాయి. కూర్చుని పనిచేసే మనిషికి రోజు మొత్తానికి కావలసిన శక్తిలో ఇది 70 శాతం. ధాన్యాల నుంచి 45 శాతానికి మించకూడదన్నది జాతీయ పోషకాహార సంస్థ మాట. ఆ సంస్థ చెప్పిన 250 గ్రాములు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగుతాయి. ఇక మాంసకృత్తుల సంగతి. పెద్దవాళ్లకు శరీర బరువులో ప్రతి కిలోకూ 0.83 గ్రాముల చొప్పున ఇవి కావాలి. 65 కిలోల మగవాళ్లకు 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్లకు సుమారు 46 గ్రాములు. 400 గ్రాముల అన్నం, పాతిక గ్రాముల కందిపప్పుతో కాచిన పలుచని పప్పుచారు, చాయ్‌లో పడ్డ వంద మిల్లీలీటర్ల పాలు మాత్రమే తిన్న రోజున ఒంటికి చేరేది 40 గ్రాములు. అదే మనిషి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో, గుప్పెడు పల్లీలు తిన్నప్పుడు అది 55 గ్రాములు దాటుతుంది. కేలరీలు దాదాపు అంతే ఉన్నాయి, కండకు కావలసింది పెరిగింది. ఇందులో కొత్త పదార్థం ఒక్కటి కూడా లేదు.

అన్నం పళ్లెం నడిబొడ్డుకు ఎలా వచ్చిందో తెలుసుకుంటే దాన్ని కాస్త పక్కకు జరపడం ఎందుకంత కష్టమవుతోందో అర్థమవుతుంది. పాఖాల, రామప్ప చెరువుల కింద కాకతీయుల కాలం నుంచీ వరి పండినా, ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఆ అన్నం అందరి పళ్లెంలోకీ రోజూ వచ్చేది కాదు. జొన్న రొట్టె, మక్క గటక, అంబలి కడుపు నింపేవి. వరి బువ్వ పండుగకూ చుట్టాలకూ దక్కేది. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు పునాదిరాయి పడింది. ఆ తర్వాత కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్, వరంగల్ పొలాలకు చేరాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆపైన బోర్లు పడ్డాయి. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా అందుతున్నాయి. ఇదంతా ఆకలి మీద సాధించిన గెలుపు. ఒకప్పటి గటకను ఇప్పుడు తలుచుకుని మురిసిపోయేవాళ్లు ఆ గటక కూడా దొరకని పూటలను మరిచిపోకూడదు. అయినా ఒక లెక్క మాత్రం గమనించాలి. నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అంటే రోజుకు కావలసిన ధాన్యంలో ఐదింట నాలుగు వంతులు రేషన్ సంచితోనే ఇంటికి వచ్చేస్తున్నాయి. ప్రభుత్వం బియ్యం ఇస్తోంది, పప్పు మనం కొనుక్కోవాలి. చేతిలో డబ్బు ఆడని ఇంట్లో పళ్లెం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తప్పు ఆ ఇంటి ఇల్లాలిది కాదు.

బియ్యం ఎంత తెల్లబడితే అందులో అంత తక్కువ మిగులుతుంది. తవుడుతోపాటు పీచూ, బి1 విటమినూ మిల్లులోనే పోతాయి. నిజానికి జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఒక గదిలో మొదలుపెట్టిన పరిశోధన బెరిబెరి వ్యాధి గురించినది. పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికేవాళ్లకు బి1 అందక వచ్చే జబ్బు అది. ఆ చిన్న పరిశోధనశాలే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇప్పుడు మన దగ్గర బెరిబెరి భయం లేదు. అయినా కంటికి ముత్యాల్లా కనిపించే బియ్యమే మేలైనవన్న నమ్మకం ఇంకా మన మిల్లుల్లోనూ పెళ్లిళ్లలోనూ రాజ్యమేలుతోంది. ఒక పట్టు తక్కువ పాలిష్ పట్టించుకున్న బియ్యమో, దంపుడు బియ్యమో తినగలిగితే మంచిదే. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా రకం రక్తంలో చక్కెరను మిగతా వాటికంటే నెమ్మదిగా పెంచుతుందని పేరు తెచ్చుకుంది. అయితే నెమ్మదిగా పెంచే బియ్యాన్ని రెండింతలు తింటే లాభమేమీ మిగలదు.

ఇదే మాట చిరుధాన్యాలకూ వర్తిస్తుంది. వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములుంటే తెల్ల బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది, అది పాలలో ఉన్నదానికి సుమారు మూడు రెట్లు. ఇవి గట్టి కారణాలే. కానీ శక్తి విషయంలో జొన్న పిండికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు. షుగర్ వచ్చిందని అన్నం మానేసి ఒక్కో పూట ఐదు రొట్టెలు తినేవాళ్లను నేను చూశాను. వాళ్లు ధాన్యాన్ని మార్చారు గానీ పాళ్లను మార్చలేదు. కొర్ర అన్నమూ, రాగి జావా, జొన్న రొట్టె ఇవన్నీ ఆ 250 గ్రాముల లోపల అన్నం స్థానంలోకి రావాలి. అన్నం మీద అదనంగా వస్తే ప్రయోజనం ఉండదు. రాగి జావ బాగా మరిగించి, పలుచగా చేసి, చక్కెర వేసుకుని తాగితే పీచు వల్ల రావలసిన మేలు చాలావరకు తగ్గిపోతుందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

పప్పుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన పళ్లెంలో పెద్ద గుంత అక్కడే ఉంది. ధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తక్కువయ్యే మెథియొనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ధాన్యం పూరిస్తుంది. మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు కలిసినప్పుడు రెండూ ఒకదాని లోటును ఒకటి తీర్చుకుంటాయి. ఈ సంగతి మన పాత వంటలకు చేతితోనే తెలుసు. సర్వపిండిని చూడండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి, ముద్దను గిన్నె లోపలి గోడలకు పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో కొద్దిగా నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాలుస్తారు. మా వైపు కొందరు దీన్నే గిన్నెప్ప అంటారు. ధాన్యం, పప్పు, గింజలు, ఆకు అన్నీ ఒక్క గిన్నెలో కలిశాయి. నూనె కూడా చుక్కల్లోనే సరిపోయింది. ఆ ముద్దలో సొరకాయ తురుమో, గుప్పెడు తోటకూరో కలిపితే పూర్తి భోజనమే అవుతుంది. సద్దుల బతుకమ్మ నాడు చేసే నువ్వుల పొడి, పల్లీల పొడి, మలీద కూడా ఇలాంటివే. రోజుకు 35 గ్రాముల గింజలు తినమని చెప్పినప్పుడు చాలామంది బాదం, పిస్తాల ధర తలుచుకుని నిట్టూరుస్తారు. ఆ అవసరం మన పల్లీలతో, నువ్వులతో, కుసుమలతో హాయిగా తీరుతుంది.

పప్పు ఖరీదు నిజమైన అడ్డంకి. అందుకే కందిపప్పు ఒక్కదాన్నే పట్టుకుని ఉండకూడదు. పెసలు, బబ్బెర్లు, శనగలు, ఉలవలు గుగ్గిళ్లుగా ఉడికించుకుంటే పిల్లలకు సాయంత్రం బిస్కెట్ల చోటును అవి తీసుకుంటాయి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అంటే ఒక గుడ్డు ఇంచుమించు 30 గ్రాముల పప్పుకు సమానం. పైగా మొక్కల ఆహారంలో దొరకని బి12 విటమిను కూడా గుడ్డులో ఉంటుంది. చెరువుల్లో నీళ్లు నిండిన ఈ జిల్లాల్లో బొచ్చె, రవ్వ వంటి చేపలు ఊరి అంగట్లోనే దొరుకుతున్నాయి. వంద గ్రాముల చేప ఒక రోజు పప్పు వాటాకు సరిపోతుంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకూ బాలింతలకూ పెడుతున్న పూర్తి భోజనంలో అన్నంతోపాటు పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. ఆ పళ్లెం రూపం ప్రతి ఇంటికీ మంచి నమూనా.

ఆకుకూరల మాటకు వస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో ఇది 70 శాతం. పుంటికూర, తోటకూర, పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, మునగాకు ఇన్ని ఆకులు తినడం తెలిసిన నేల మీద ఈ పరిస్థితి ఉంది. రక్తహీనతకు కారణం ఇనుము లోపం ఒక్కటే కాదు. బి12, ఫోలేట్ లోపాలు, నులిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం కూడా కారణాలే కాబట్టి రక్త పరీక్ష, వైద్యుల సలహా తప్పనిసరి. కానీ తిండి వైపు నుంచి చేయగలిగింది చాలా ఉంది. ఆకుల్లోనూ పప్పుల్లోనూ ఉన్న ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. దాన్ని పట్టించేది విటమిన్ సి. కూర దించాక పిండిన నిమ్మరసం, భోజనంతో పాటు తిన్న ఉసిరికాయ ముక్క, భోజనం అయ్యాక తిన్న జామపండు ఆ పని చేస్తాయి. దానికి అడ్డుపడేది చాయ్. అందులోని టానిన్లు ఇనుమును పట్టుకుని ఒంటికి దక్కనివ్వవు. నాట్లకు వెళ్లే ఆడవాళ్లలో చాలామంది సద్ది తిన్న వెంటనే చాయ్ తాగుతారు. బీడీల గంప ముందు కూర్చునేవాళ్లూ అంతే. ఆ చాయ్‌ని భోజనానికి గంట ముందుకో, గంట తర్వాతకో జరిపితే పైసా ఖర్చు లేకుండా తిన్న ఆకుకూర రక్తంలోకి చేరుతుంది. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలిన పప్పుతో సరిపెట్టుకునే ఆడవాళ్ల పళ్లెం మారనంత కాలం ఈ అంకెలు కూడా పెద్దగా మారవు.

నూనె విషయంలో ఏది మంచిదన్న చర్చకంటే ఎంత అన్న ప్రశ్నే పెద్దది. ఏ నూనెకైనా గ్రాముకు 9 కిలో కేలరీలుంటాయి. పల్లి నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె వంటివి మార్చి మార్చి వాడుకోవడం మంచిది. పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది కాబట్టి దాన్నే ఏకైక నూనెగా పెట్టుకోకూడదు. నూనె డబ్బా తెరిచిన రోజున దాని మీద పెన్నుతో తారీఖు రాయండి. నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా లెక్క ప్రకారం 42 రోజులు రావాలి. ఎన్ని రోజులకు ఖాళీ అయిందో చూస్తే మీ వంటింటి సంగతి తెలుస్తుంది. సకినాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సంక్రాంతికి పది మంది ఆడవాళ్లు తెల్లటి గుడ్డ మీద సకినాలు చుట్టి, నాలుగు రోజులు ఇంటింటికీ పంచుకుని తిన్నంత మాత్రాన ఎవరి ఆరోగ్యమూ చెడదు. చెడుపు ఎక్కడ మొదలైందంటే పండుగ తిండి స్వీటు దుకాణంలో ఏడాది పొడవునా దొరకడం దగ్గర. పొద్దుటి నుంచి ఒకే నూనెను మరిగిస్తూ వేయించే మిర్చి బజ్జీలు రోజూ సాయంత్రం చాయ్‌కి తోడు కావడం కూడా అలాంటిదే.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్, మిక్చర్ల ఉప్పు కూడా ఇందులోనే లెక్క. కారం వల్ల ఉప్పు పెరుగుతుందన్నది మన వంటల్లో గమనించదగ్గ విషయం, ఎందుకంటే ఘాటు పెరిగినకొద్దీ రుచి సరిపెట్టడానికి ఉప్పూ పులుపూ పెంచుతాం. ఘాటు తక్కువగా ఉండి మంచి రంగునిచ్చే మన వరంగల్ చపాట మిర్చి ఈ విషయంలో వంటకు అనుకూలమైనది. చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదు. రెండు చెంచాల చక్కెర వేసుకుని రోజుకు మూడు చాయ్‌లు తాగేవాళ్ల వాటా చాయ్‌తోనే నిండిపోతుంది. బెల్లం గురించి అడిగేవాళ్లకు ఒకటే మాట. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారంగా సమర్పించేది బెల్లమే, దాని గౌరవం దానికుంది. కానీ ఒంట్లోకి వెళ్లాక బెల్లం కూడా చక్కెరే. దానిలోని కాస్త ఇనుము కోసం పెద్ద బెల్లం ముక్క తినడం తెలివైన పని కాదు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందనీ, అది వయోజనుల్లో 11.4 శాతమనీ భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. మన తాతలు ఇంతకంటే ఎక్కువ అన్నం తిన్నా షుగర్ రాలేదు కదా అని చాలామంది అంటారు. ఆ మాటకు జవాబు పనిలో ఉంది. నాగలి పట్టేవాళ్లకూ, మోట తోలేవాళ్లకూ, మూడు కోసులు నడిచి అంగడికి పోయేవాళ్లకూ 2,000 కిలో కేలరీలు ఏ మూలకూ చాలవు. ఇవాళ కూడా నాట్లు వేసే కూలీకీ, బస్తాలు మోసే హమాలీకీ పైన చెప్పిన 250 గ్రాముల ధాన్యం సరిపోదు. వాళ్లకు ధాన్యమూ పప్పూ రెండూ పెరగాలి. జగిత్యాల, సిరిసిల్ల వైపు రోజంతా ఒకే చోట కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకూ, దుకాణాల్లో, ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకూ మాత్రం పొలం పని కొలతతో పెట్టిన అన్నం పొట్ట చుట్టూ పేరుకుంటుంది. అది పేరుకుందో లేదో చూడటానికి టైలర్ టేపు చాలు. బొడ్డు దగ్గర చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజును నమ్మకూడదు, అది పొట్ట కిందికి జారిపోతుంది. మన దేశస్థులకు ఎత్తుకు తగ్గ బరువును చూపే శరీర బరువు సూచిక (బీఎంఐ) 23 దాటితేనే అధిక బరువు కిందికి లెక్క. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకు అది సుమారు 59 కిలోల దగ్గర వస్తుంది.

తినే వరుస గురించి కూడా ఒక మాట. ముందు కూర, పప్పు, ఉంటే గుడ్డో చేపో కొంత తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర అంత ఎత్తుకు లేవదు. పీచు, మాంసకృత్తులు ముందు చేరి పిండిపదార్థం అరుగుదలను నెమ్మదింపజేస్తాయి. పండును పండుగానే తినాలి. జ్యూస్‌గా పిండితే పీచు పోయి చక్కెర మిగులుతుంది. జామ, సీతాఫలం, రేగు, నేరేడు, ములుగు అడవుల నుంచి వచ్చే తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏ కాలంలో దొరికేవి ఆ కాలంలో తింటే చాలు. డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పొడులు మామూలు మనుషులకు అవసరం లేదనీ, వాటికి దూరంగా ఉండమనీ 2024 మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ, గర్భిణులకూ ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. వాళ్ల పప్పు, ఉప్పు, పండ్ల లెక్క వాళ్ల వైద్యులే చెప్పాలి.

గ్లాసు తూచిన రోజున మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. “బువ్వ తక్కువ తింటే బలమెక్కడి నుంచి వస్తది బిడ్డా” అని మా అమ్మ అడ్డుపడింది. అన్నం తగ్గించమని నేను ఒత్తిడి చేయలేదు. ముందు పప్పు పెంచాం, పుంటికూర పప్పు పలుచన తగ్గించి గట్టిగా వండుకున్నాం, సాయంత్రానికి పెసల గుగ్గిళ్లు వచ్చాయి. కడుపు నిండుతున్నకొద్దీ అన్నం తనంతట తానే తగ్గింది. ఇప్పుడు మధ్యాహ్నం నాలుగు గ్లాసులు, రాత్రి ఒక గ్లాసు పోస్తున్నాం, రాత్రికి జొన్న రొట్టెలు తోడయ్యాయి. కిరాణా చీటీలో పప్పులన్నీ కలిపి ఏడు కిలోలకు చేరాయి, పది ఇంకా కాలేదు. చక్కెర రెండున్నర కిలోలకు దిగింది. నూనె డబ్బా మొదట్లో 26 రోజులకే అయిపోయేది. మొన్న ఖాళీ అయిన డబ్బా మీద రాసుకున్న తారీఖు ప్రకారం అది 37 రోజులు వచ్చింది.